నెలలు నిండే వేళ పదే పదే ఈస్ట్ ఇన్ఫెక్షన్: ఏ మందు, ఎన్ని రోజులు, ఏది వద్దు

గర్భిణులకు ఏడో నెల దాటాక యోనిలో వచ్చే ఈస్ట్ ఇన్ఫెక్షన్ ఒక పట్టాన వదలదు. మందు వాడితే తగ్గుతుంది, కొన్ని వారాలకు మళ్లీ మొదలవుతుంది. దురదతో రాత్రి నిద్ర పట్టదు. మూత్రానికి వెళ్తే మంట. ఇంట్లో చెప్తే "ఒంట్లో వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగు" అంటారు. డాక్టరు దగ్గరేమో బీపీ, స్కానింగు, బిడ్డ బరువు గురించి మాట్లాడేసరికే మన వంతు అయిపోతుంది. కింద దురదగా ఉందని చెప్పడానికి నోరు రాదు. చివరికి ఎవరో ఒకరిని మెడికల్ షాపుకి పంపి "తెల్లబట్టకి ఏదైనా మందు ఇవ్వండి" అని అడిగిస్తారు. గర్భిణి అన్న మాట కూడా చాలాసార్లు అక్కడ చెప్పరు. పొరపాటు మందు చేతికొచ్చేది అప్పుడే.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఇది ఈస్టేనని డాక్టరు తేల్చాక, లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ లాంటి మందు వరసగా 7 రాత్రులు వాడడం మొదటి ఎంపిక. నోటి మాత్ర, రెండు మూడు మందులు కలిపి ఇచ్చే కాంబినేషన్ కిట్లు వద్దు. మూడోసారి కూడా వచ్చిందంటే అదే మందు మళ్లీ కొనేముందు షుగరు పరీక్ష, స్వాబ్ కల్చర్ (స్రావం నమూనా తీసి ల్యాబులో ఏ రకం ఫంగసో చూసే పరీక్ష) చేయించుకోవాలి. ఇలా ఎందుకు అంటున్నానో, ఒక్కో చోట ఏది ఎంచుకోవాలో వివరంగా చూద్దాం.

ఎందుకు వదలదు

ఈస్ట్ అంటే క్యాండిడా అనే ఫంగస్. ఎక్కువమందిలో ఇబ్బంది పెట్టేది క్యాండిడా ఆల్బికన్స్ అనే రకం. ఏ బాధా లేని ఆడవాళ్లలో కూడా చాలామందికి యోనిలో ఇది కొద్దిగా ఉంటుంది. గర్భంలో ఈస్ట్రోజెన్ బాగా పెరగడం వల్ల యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ పెరుగుతుంది. ఫంగస్‌కి అది మంచి మేత. కడుపులో బిడ్డను భరించడానికి శరీరం తన రోగనిరోధక శక్తి తీరునూ కొంత మార్చుకుంటుంది. అందుకే నాలుగో నెల నుంచి, ముఖ్యంగా ఆఖరి మూడు నెలల్లో, ఈ ఇన్ఫెక్షన్ ఎక్కువ. మందు ఫంగస్‌ని తగ్గిస్తుంది కానీ ఈస్ట్రోజెన్‌ని తగ్గించదు కదా, అందుకే కాన్పు అయ్యేదాకా తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది.

ఇది శుభ్రత లేకపోవడం వల్ల వచ్చింది కాదు. సుఖవ్యాధుల లెక్కలోకీ రాదు. భర్తను అనుమానించాల్సిన పని లేదు, భర్త భార్యను అనుమానించాల్సిన పనీ లేదు. ఈ మాట అత్తగారింట్లో ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే సిగ్గుతోనే చాలామంది వారాల తరబడి భరిస్తారు.

ముందు తేల్చాల్సింది: ఇది ఈస్టేనా?

మందుల పోలికకన్నా ముందు ఈ పోలిక కావాలి. గర్భంలో తెల్లబట్ట మామూలుగానే పెరుగుతుంది. పల్చగా, పాలలా తెల్లగా, దురద, వాసన లేకుండా ఉంటే దానికి మందు అక్కర్లేదు. ఈస్ట్ అయితే విపరీతమైన దురద, ఎరుపు, వాపు, విరిగిన పాలలా గడ్డలు గడ్డలుగా తెలుపు కనిపిస్తాయి. చెడు వాసన సాధారణంగా ఉండదు.

చేపల వాసన, బూడిద రంగులో పల్చటి స్రావం ఉంటే అది బాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో బాక్టీరియా సమతుల్యం తప్పడం) కావచ్చు. నురగతో పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో వస్తుంటే, కలయిక ద్వారా సోకే పరాన్నజీవి అయిన ట్రైకోమోనాస్‌ని అనుమానించాలి. ఈ రెండింటికీ ఈస్ట్ మందు పనిచేయదు, వాటి మందులు వేరు. ట్రైకోమోనాస్ అయితే భర్తకూ మందు ఇవ్వాలి, ఈస్ట్‌కి అలా అక్కర్లేదు.

మూత్రం మంట విషయంలోనూ తేడా గమనించండి. మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడు చుర్రుమంటే ఈస్ట్ వైపు మొగ్గు. మూత్రం వచ్చేటప్పుడు లోపల మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపు నొప్పి ఉంటే మూత్రపరీక్ష చేయించాలి. గర్భంలో యూరిన్ ఇన్ఫెక్షన్‌ని వదిలేస్తే కిడ్నీల దాకా వెళ్లగలదు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ వాడిన వెంటనే ఈస్ట్ రావడం మామూలే, ఎందుకంటే ఆ మందు ఫంగస్‌ని అదుపులో ఉంచే మంచి బాక్టీరియాని కూడా చంపేస్తుంది. ఈ మధ్య ఏదైనా యాంటీబయాటిక్ వాడి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

అరచేతులు, అరికాళ్లు దురద పెడుతూ, ముఖ్యంగా రాత్రిపూట ఎక్కువవుతూ, ఒంటి మీద దద్దుర్లేమీ లేకపోతే అది ఈస్ట్‌తో సంబంధం లేని సంగతి. ఆఖరి నెలల్లో లివర్‌లో పిత్తరసం ప్రవాహం మందగించడం వల్ల వచ్చే కొలెస్టాసిస్ అలా మొదలవుతుంది. దాన్ని రక్తంలో బైల్ యాసిడ్స్, లివర్ పరీక్షలతో తేలుస్తారు. బిడ్డకు ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

చిన్న నీటి పొక్కులు, పుండ్లు, తాకితే భరించలేని నొప్పి ఉంటే హెర్పిస్ అనే వైరస్ ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆఖరి నెలల్లో హెర్పిస్ మొదటిసారి వస్తే కాన్పు ఎలా చేయాలన్న నిర్ణయమే మారిపోవచ్చు. దాని మీద యాంటీఫంగల్ క్రీము రాసుకుంటూ కూర్చోవడం ప్రమాదం.

ఇక లోదుస్తులు తడిసేలా నీళ్లలాంటి స్రావం వస్తుంటే అది ఉమ్మనీరేమోనన్న అనుమానంతో వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అప్పుడు లోపల ఏ మాత్రా, ఏ క్రీమూ పెట్టకూడదు. రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా అంతే.

డాక్టరు దగ్గర స్వాబ్ తీసి మైక్రోస్కోపు కింద చూడడం చిన్న పరీక్ష. స్రావం పీహెచ్ (ఆమ్లత్వం కొలత) కూడా చూడొచ్చు. ఈస్ట్‌లో అది సాధారణంగా 4.5 లోపే ఉంటుంది, వజైనోసిస్‌లో అంతకన్నా పెరుగుతుంది. మొదటిసారి లక్షణాలు చూసి మందు రాయడం చాలాచోట్ల జరిగేదే. రెండోసారికైనా ఈ పరీక్ష అడగండి.

ఒక రోజు మందా, మూడు రోజులదా, ఏడు రోజులదా?

షాపులో క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునే మాత్రలు రకరకాల మోతాదుల్లో దొరుకుతాయి. 500 మిల్లీగ్రాములది ఒకే ఒక్క రాత్రికి, 200 మిల్లీగ్రాములవి మూడు రాత్రులకు, 100 మిల్లీగ్రాములవి ఆరేడు రాత్రులకు. గర్భం లేనివాళ్లకి మామూలు ఇన్ఫెక్షన్ అయితే ఏది వాడినా దాదాపు ఒకటే. ఒక్క రాత్రితో పోతుందంటే ఎవరికైనా అదే నచ్చుతుంది.

గర్భంలో మాత్రం రోజులు తగ్గించుకోవడం కలిసిరాదు. గర్భిణులపై జరిగిన పరిశోధనల్లో నాలుగు రోజుల చికిత్సకన్నా ఏడు రోజుల చికిత్స బాగా పనిచేసింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 మార్గదర్శకాలు గర్భిణులకు లోపల వాడే అజోల్ మందులు (క్లోట్రిమజోల్ కుటుంబానివి) 7 రోజులు వాడమనే చెబుతున్నాయి. బ్రిటన్ వైద్యులు 500 మిల్లీగ్రాముల మాత్రనే ఏడు రాత్రుల వరకు రాస్తారు. మోతాదు మీ డాక్టరు నిర్ణయిస్తారు, కానీ రోజుల దగ్గర మాత్రం రాజీ పడకండి. పదే పదే వస్తున్నవాళ్లకి 10 నుంచి 14 రోజులు కూడా పడుతుంది.

మూడో రోజుకి దురద తగ్గగానే మానేయడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. మందు మధ్యలో ఆపితే ఫంగస్ పూర్తిగా తగ్గదు, "మళ్లీ వచ్చింది" అనుకునేది చాలాసార్లు పాతదే తిరిగి లేవడం.

క్లోట్రిమజోల్ బదులు మైకోనజోల్ కూడా అంతే నమ్మకమైన ఎంపిక. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి షాపు అరల మీద మోనిస్టాట్ 1, 3, 7 అని మూడు డబ్బాలు కనిపిస్తాయి. గర్భంలో చేయి వెళ్లాల్సింది 7 అని ఉన్నదాని మీదికి, అదీ మీ డాక్టరుకు ఒక మాట చెప్పాక. 1 అని ఉన్నదాంట్లో ఒకేసారి 1200 మిల్లీగ్రాముల మైకోనజోల్ ఉంటుంది. బ్రిటన్‌లో గర్భిణులకు ఫార్మసీ వాళ్లు నేరుగా అమ్మకుండా జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికో మిడ్‌వైఫ్ దగ్గరికో పంపడం మామూలు. దానికి విసుక్కోవద్దు. మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఉంటే అక్కడ ఇంగ్లండ్‌లో మందుల చీటీకి డబ్బు కట్టక్కర్లేదు.

మాత్రా, క్రీమా, జెల్లా?

మందు లోపల పనిచేయాలి, కాబట్టి లోపల పెట్టుకునేదే అసలు మందు. బయటి చర్మం కూడా ఎర్రబడి దురద పెడుతుంటే దానికి తోడు క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము పల్చగా రాసుకుంటే హాయిగా ఉంటుంది. బయట క్రీము మాత్రమే రాసుకుని ఊరుకుంటే రెండు రోజులు చల్లగా ఉంటుంది, తర్వాత మొదటికొస్తుంది.

మాత్ర నయమా, లోపల పెట్టే క్రీమో జెల్లో నయమా అంటే పనితనంలో పెద్ద తేడా లేదు. యోని బాగా పొడిబారి, మంటగా ఉన్నవాళ్లకి మాత్ర కరగక ముక్కలుగా బయటికి వస్తుంటుంది, వాళ్లకి క్రీము మెరుగు. స్రావం ఎక్కువగా ఉండి తడి తడిగా ఉండేవాళ్లకి మాత్ర నిలుస్తుంది. ఏదైనా రాత్రి పడుకునే ముందు పెట్టుకోవాలి, లేచి తిరుగుతుంటే కారిపోతుంది. పొద్దున తెల్లటి పొడిలాంటిది బయటికి వస్తే కంగారు పడకండి, అది మందు మిగులే. మొదటి ఒకటి రెండు రోజులు కాస్త మంట అనిపించవచ్చు. రోజురోజుకీ మంట పెరుగుతుంటే మాత్రం ఆ మందు మీకు పడలేదని అర్థం, ఆపి డాక్టరుకు చెప్పండి.

డబ్బాతోపాటు వచ్చే ప్లాస్టిక్ అప్లికేటర్ గురించి ఆఖరి నెలల్లో భయపడేవాళ్లు చాలామంది. దాన్ని గట్టిగా లోపలికి నెట్టకూడదు. చేతులు సబ్బుతో కడుక్కుని, గోళ్లు కత్తిరించుకుని, వేలితో మాత్ర పెట్టుకోవడం తేలిక. తొమ్మిదో నెలలో పొట్ట అడ్డం వస్తుంది కాబట్టి ఎడమవైపు పక్కకు పడుకుని మోకాలు మడిస్తే చేయి అందుతుంది. మాయ కిందికి ఉందని స్కానింగులో చెప్పినవాళ్లు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినవాళ్లు డాక్టరును అడగకుండా లోపల ఏదీ పెట్టుకోవద్దు.

ఈ క్రీముల్లో నూనె లాంటి పదార్థం ఉంటుంది, అది లేటెక్స్ కండోమ్‌ను బలహీనపరుస్తుంది. మందు వాడే రోజుల్లో కలయిక మానుకుంటే పుండు పడ్డ చర్మానికీ మంచిదే. భర్తకు దురద, ఎరుపు ఉంటేనే ఆయనకు చికిత్స.

నోటి మాత్ర ఎందుకు వద్దు

ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి మింగితే చాలు అన్నది మామూలు ఆడవాళ్లకు వర్తించే మాట. ఇది రక్తంలో కలిసి, సగానికి తగ్గడానికే దాదాపు 30 గంటలు పడుతుంది, బిడ్డకూ చేరుతుంది. మొదటి మూడు నెలల్లో రోజుకి 400 నుంచి 800 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కువకాలం వాడిన తల్లుల పిల్లల్లో అవయవ లోపాలు కనిపించాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో హెచ్చరించింది. 2016లో వచ్చిన డెన్మార్క్ పరిశోధన తక్కువ మోతాదుకీ గర్భస్రావానికీ సంబంధం కనిపించిందని చెప్పింది. ఆఖరి నెలల్లో బిడ్డ అవయవాలు అప్పటికే ఏర్పడి ఉంటాయి కాబట్టి ఆ ప్రమాదాలు అదే రూపంలో ఉండవు. అయినా లోపల పెట్టుకునే మందు రక్తంలోకి చాలా కొద్దిగానే వెళ్తుంది, పని బాగా చేస్తుంది. అది ఉండగా బిడ్డకు చేరే మందును ఎంచుకోవడానికి కారణం కనిపించదు.

తెలియక ఇప్పటికే ఒక మాత్ర మింగి ఉంటే టెన్షన్ పడి నిద్ర పాడుచేసుకోకండి. ఒక్క మాత్రతో బిడ్డకు ఏదో జరిగిపోతుందని కాదు. ఏ రోజు, ఎంత మోతాదు మింగారో డాక్టరుకు చెప్పి, ఫైలులో రాయించండి. రెండోది మాత్రం మింగకండి.

పదే పదే వచ్చే ఈస్ట్‌కి "వారానికి ఒక ఫ్లూకోనజోల్ చొప్పున ఆరు నెలలు" అనే పద్ధతి నెట్‌లో చాలాచోట్ల కనిపిస్తుంది. అది నిజమైన వైద్య పద్ధతే, గర్భం లేనివాళ్లకి. మీకు కాదు.

షాపులో చేతిలో పెట్టే కాంబినేషన్లు

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే చోటు ఇదే. తెల్లబట్ట అనగానే "కిట్" ఇచ్చే అలవాటు మన ఊళ్లలో ఉంది. ప్రభుత్వ సుఖవ్యాధి కేంద్రాల్లో తెల్లబట్టకు ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి. షాపుల్లో దొరికే కిట్లలో వీటికి అజిత్రోమైసిన్ కూడా తోడవుతుంది. పరీక్షలు చేసే వీలు లేనిచోట రెండు మూడు రోగాలకు ఒకేసారి మందు ఇవ్వడానికి వీటిని పెట్టారు. గర్భిణికి ఇవి తగవు, లోపల ఫ్లూకోనజోల్ ఉంది కాబట్టి. "నాకు ఎనిమిదో నెల" అన్న మాట షాపులో మొదటే చెప్పండి. మందు తేవడానికి భర్తనో తమ్ముడినో పంపిస్తే డాక్టరు రాసిన చీటీ ఇచ్చి పంపండి.

క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్, క్లోట్రిమజోల్ కలిసిన లోపలి మాత్రలు కూడా చాలా అమ్ముడవుతాయి. ఈస్టూ బాక్టీరియల్ వజైనోసిసూ రెండూ ఉన్నాయని తేలితే డాక్టరు రాయొచ్చు. ఒట్టి ఈస్ట్‌కి యాంటీబయాటిక్ కలిపి వాడితే మంచి బాక్టీరియా పోయి మళ్లీ ఈస్ట్‌కే దారి ఇచ్చినట్టవుతుంది.

స్టెరాయిడ్ కలిసిన క్రీముల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ట్యూబు మీద క్లోట్రిమజోల్ పక్కన బెక్లోమెథసోన్ అనో క్లోబెటసోల్ అనో ఉంటే అది స్టెరాయిడ్. రాసిన గంటకే దురద మాయమవుతుంది కాబట్టి మందు గొప్పగా పనిచేసిందనిపిస్తుంది. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఫంగస్ లోలోపల పెరుగుతుంది. వాపు తీవ్రంగా ఉంటే డాక్టరు కొద్ది రోజులు తేలికపాటిది రాయవచ్చు, అంతవరకే.

పోవిడోన్ అయోడిన్ లోపలి మాత్రలు, ఆ మందుతో కడుక్కోవడం గర్భంలో వద్దు. అయోడిన్ రక్తంలోకి చేరి బిడ్డ థైరాయిడ్‌ను ఇబ్బంది పెట్టగలదు.

మూడోసారి వస్తే

ఏడాదిలో మూడుసార్లు లేదా అంతకన్నా ఎక్కువ వస్తే దాన్ని పదే పదే వచ్చే ఇన్ఫెక్షన్‌గా సీడీసీ లెక్కవేస్తుంది, బ్రిటన్ వైద్యుల లెక్కలో అది నాలుగు. గర్భిణికి ఆ గీత దాటేదాకా ఆగనక్కర్లేదు. 7 రోజులు పూర్తిగా వాడినా తగ్గకపోతే, లేక తగ్గిన కొద్ది వారాలకే తిరిగి వస్తే, మందు మార్చడంకన్నా ముందు రెండు ప్రశ్నలకు జవాబు కావాలి.

మొదటిది షుగరు. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే ఫంగస్‌కి పండగే. మనవైపు గర్భిణులకు 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి 2 గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే గర్భంలో వచ్చే షుగరుగా తీసుకుంటారు. దీన్ని మొదటి విజిట్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చేయాలి. చిక్కు ఏమిటంటే 26వ వారంలో బాగున్న రిపోర్టు 33వ వారంలో బాగుంటుందని హామీ లేదు. "నాకు అప్పుడు నార్మలే వచ్చింది" అని ఊరుకోకుండా, ఈస్ట్ పదే పదే వస్తోంది, మళ్లీ చూస్తారా అని అడగండి. ఇప్పటికే షుగరు ఉందని తెలిసినవాళ్లు పరగడుపున 95 లోపు, తిన్న 2 గంటలకు 120 లోపు ఉంటోందో లేదో తమ చార్టు చూసుకోవాలి. అవి దాటుతుంటే ఎన్ని ట్యూబులు వాడినా ఈస్ట్ నిలకడగా తగ్గదు. నా దృష్టిలో ఆఖరి నెలల్లో మళ్లీ మళ్లీ వచ్చే ఈస్ట్‌కి ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష, ఎందుకంటే దాని వల్ల తల్లి దురదతోపాటు బిడ్డ ఆరోగ్యం కూడా కాపాడుకోవచ్చు.

రెండోది ఫంగస్ రకం. క్యాండిడా గ్లాబ్రాటా లాంటి రకాలు మామూలు అజోల్ మందులకు అంత తేలిగ్గా లొంగవు. మైక్రోస్కోపు పరీక్ష ఈస్ట్ ఉందని చెబుతుంది కానీ ఏ రకమో చెప్పలేదు, దానికి కల్చర్ కావాలి. రిపోర్టుకి కొన్ని రోజులు పడుతుంది. మందు వాడుతూ మధ్యలో స్వాబ్ ఇస్తే ఫంగస్ కనిపించకుండా పోవచ్చు కాబట్టి, కొత్త కోర్సు మొదలుపెట్టే ముందే ఇవ్వడం మేలు. చిన్న ఊళ్లో ల్యాబు లేకపోతే జిల్లా ఆసుపత్రిలోనో మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో మైక్రోబయాలజీ విభాగం ఉంటుంది. ప్రతి నెలా 9వ తేదీన సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మామూలు రోజుల్లో చెప్పడానికి మొహమాటపడ్డవాళ్లు ముందు ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో చెప్పి, ఆ రోజు డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు.

జవాబులు వచ్చాక ఎంపికలు ఇలా ఉంటాయి. ఆల్బికన్స్ అయి, షుగరు బాగుంటే, 10 నుంచి 14 రోజులు లోపల క్లోట్రిమజోల్ వాడి, ఆ తర్వాత కాన్పు దాకా వారానికి ఒక రాత్రి 500 మిల్లీగ్రాముల మాత్ర పెట్టుకోవడం బ్రిటన్ మార్గదర్శకాల్లో ఉన్న పద్ధతి. వచ్చినప్పుడల్లా 7 రోజుల కోర్సు వాడడం దీనికి ప్రత్యామ్నాయం. 36 వారాలు దాటి ఒకసారి మాత్రమే తిరిగి వచ్చినవాళ్లకి రెండోది చాలు. 28, 30 వారాలకే మూడుసార్లు వచ్చినవాళ్లకి, ముందింకా రెండు నెలలకు పైగా ఉంది కాబట్టి, వారం వారం పద్ధతి గురించి డాక్టరుతో మాట్లాడమంటాను.

గ్లాబ్రాటా లాంటిది తేలితే నిస్టాటిన్ అనే వేరే రకం యాంటీఫంగల్ లోపలి మాత్ర ఒక మార్గం. లక్ష యూనిట్లది రోజూ ఒకటి చొప్పున 14 రోజులు వాడతారు. ఆల్బికన్స్‌ మీద ఇది అజోల్ మందులకన్నా తక్కువ పనిచేస్తుంది, అందుకే మొదటే వాడరు. ఇలాంటి కేసుల్లో బయటి దేశాల్లో బోరిక్ యాసిడ్ 600 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ వాడతారు, ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు. గర్భంలో బోరిక్ యాసిడ్ నిషిద్ధం. ఇబ్రెక్సాఫంజెర్ప్ అనే కొత్త నోటి మందు 2021లో అమెరికాలో వచ్చింది, అదీ గర్భిణులకు పనికిరాదు.

ఏ లక్షణమూ లేకుండా రిపోర్టులో మాత్రమే క్యాండిడా కనిపిస్తే, సాధారణంగా మందు అక్కర్లేదు.

ఇంట్లో చేసేవి

పెరుగు తినండి, మంచిదే. లోపల పెట్టుకోవద్దు. వెల్లుల్లి, వేపాకు ముద్ద, పసుపు నీళ్లు, డెట్టాల్ నీళ్లు, సువాసన ఉన్న వాష్‌లు ఏవీ లోపలికి పోనివ్వకండి. పిచికారీలా లోపల కడుక్కోవడం గర్భంలో అసలే వద్దు. బయట మామూలు నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కుని, మెత్తటి బట్టతో తడి అద్దుకుంటే చాలు. దురద ఆగకపోతే చల్లటి నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డ కాసేపు అద్దండి.

సబ్జా నీళ్లు, మజ్జిగ ఎండాకాలంలో ఒంటికి హాయి. ఫంగస్ మీద వాటి ప్రభావం లేదు. షుగరు ఉన్నవాళ్లు సబ్జాలో పంచదార, షర్బత్ కలుపుకుంటే నష్టమే.

బట్టల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో ఎనిమిదో నెల పొట్టతో బిగుతు లెగ్గింగ్స్, నైలాన్ లోదుస్తులు వేసుకుంటే తొడల మధ్య చెమట ఆరదు. వదులు కాటన్‌వి వేసుకుని, తడిసినప్పుడల్లా మార్చుకోండి. మన ఇళ్లలో లోదుస్తులు ఎవరికీ కనబడకుండా చీర కిందో బాత్రూమ్ మూలనో ఆరేస్తారు. అవి పూర్తిగా ఆరవు. ఎండలో ఆరేయండి, ఎవరేమనుకున్నా.

కాన్పు దగ్గరపడితే

"ఎలాగూ ఇంకో మూడు వారాలే కదా, భరిస్తాను" అనుకునేవాళ్లకి నా మాట, భరించకండి. మంటపుట్టిన చర్మం కాన్పులో తేలిగ్గా చిట్లవచ్చు, కుట్లు పడితే మానడానికీ ఇబ్బంది కావచ్చు. ఈస్ట్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు, మామూలు కాన్పుకి అది అడ్డు కాదు. ఉమ్మనీరు పోయినా, నొప్పులు మొదలైనా లోపలి మందు ఆపేసి, ఎన్ని రోజులు వాడారో లేబర్ రూములో చెప్పండి.

మనలో తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ. అంటే సరిగ్గా ఈ బాధ ఎక్కువయ్యే నెలల్లోనే డాక్టరు మారతారు. కొత్త డాక్టరుకు ఎన్నోసారో తెలియక మళ్లీ మొదటి మందే రాస్తారు. ఏ నెలలో వచ్చింది, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రాత్రులు, ఎన్ని రోజులకు తిరిగొచ్చింది, షుగరు ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి, వాడిన డబ్బాల ఫోటోలతో సహా ఫైలులో పెట్టుకుని వెళ్లండి.

కాన్పయ్యాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది, చాలామందిలో ఈ బాధ దానంతటదే సర్దుకుంటుంది. అప్పటికీ ఉంటే, పాలిచ్చే తల్లికి ఒక్క మోతాదు ఫ్లూకోనజోల్ ఇవ్వడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. గర్భంలో వద్దన్న మందు అప్పుడు డాక్టరు రాస్తే ఆశ్చర్యపోకండి. బిడ్డ నోట్లో తెల్లటి మచ్చలు కనిపిస్తే మెత్తటి గుడ్డతో మెల్లగా తుడిచి చూడండి. పాలైతే వచ్చేస్తాయి. రాకుండా కింద ఎర్రగా ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి, అదే సమయంలో మీ చనుమొనల్లో మంట ఉంటే అదీ చెప్పండి, ఇద్దరికీ కలిపి మందు ఇవ్వాలి. నోరు పూసిందని పెద్దవాళ్లు తేనె నాకిస్తామంటారు. ఏడాది నిండేదాకా బిడ్డకు తేనె పెట్టనివ్వకండి, అందులో ఉండే బాక్టీరియా వల్ల పసిపిల్లలకు బోట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు.